ఎంజైమ్ ఉన్నదా, పనిచేస్తున్నదా

దొంకేశ్వర్ చుట్టుపక్కల పసుపు చేన్లలో పనిచేసేవాళ్లకు యాంటీబాడీ అనే మాట కొత్త కావచ్చు గానీ, ఆ వస్తువు కొత్తది కాదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి పోయి పాముకాటు తిన్న మనిషిని సర్కారు దవాఖానకు తీసుకుపోతే, అక్కడ సెలైన్‌లో కలిపి ఎక్కించే పాము మందు యాంటీబాడీయే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషాన్ని ప్రాణానికి ముప్పు లేనంత కొద్ది మోతాదులో, వారాల తరబడి గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం ఒళ్లు ఆ విషాన్ని పరాయి సరుకుగా గుర్తుపట్టి, దాన్ని అంటిపెట్టుకునే ప్రొటీన్లను నెత్తురులోకి వదులుతుంది. ఆ నెత్తురు కొంత తీసి, అందులోంచి ఆ ప్రొటీన్లను వేరుచేసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. ఆ విషం కోసం తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘమే పెట్టుకున్నారు. మన హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ లాంటి కంపెనీలు మందు తయారుచేస్తాయి.

పరిశోధనశాలల్లో వాడే యాంటీబాడీలూ ఈ పద్ధతిలోనే పుడతాయి. గుర్రం ఉండే చోట కుందేలో చిట్టెలుకో ఉంటుంది. పాము విషం ఉండే చోట, శాస్త్రవేత్తకు ఆచూకీ కావాల్సిన ప్రొటీన్ ఉంటుంది. ఆ ప్రొటీన్ మన కాలేయంలో విటమిన్ తయారుచేసే ఎంజైమ్ (ఒక పదార్థాన్ని మరో పదార్థంగా మార్చే ప్రొటీన్) అనుకుందాం. కుందేలు నెత్తురులో తయారైన యాంటీబాడీ, వేల రకాల ప్రొటీన్ల మధ్య ఆ ఎంజైమ్‌ను వెతికి పట్టుకుంటుంది. పాము మందు విషాన్ని పట్టుకుని దాని కోరలు తీసేస్తుంది. కుందేలు యాంటీబాడీ మాత్రం ఎంజైమ్‌ను పట్టుకుని 'ఇదిగో, ఇక్కడుంది' అని చూపిస్తుంది. అంతవరకే దాని పని. ఆ 'అంతవరకే' అన్న మాటను మరిచిపోయినందువల్ల వైద్యశాస్త్రంలో బోలెడంత డబ్బూ కాలమూ వృథా అయ్యాయి.

ఏ విటమిన్, ఏ ఎంజైమ్ అని అడిగితే, మన నేలకు బాగా దగ్గరైన ఉదాహరణ ఒకటుంది. దాని మొదలు జొన్నల్లో ఉంది.

ఇవాళ ఆర్మూర్ వైపు జొన్న అంటే ఎర్రజొన్న. రైతు దాన్ని ఇంట్లో తినడానికి వేయడు. విత్తన వ్యాపారులు కొని ఉత్తరాదికి పశుగ్రాసం విత్తనంగా పంపిస్తారు. ధర కోసం ఏడాది విడిచి ఏడాది రోడ్డెక్కాల్సివచ్చే పంట అది. కానీ రెండు మూడు తరాల కింద దక్కన్ పల్లెల్లో జొన్నే అన్నం. గటక, అంబలి, రొట్టె. ఏ రూపంలో తిన్నా అదే గింజ. పప్పూ పాలూ కలిసిన ఇళ్లలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. అవి కొనలేని కూలి ఇళ్లలో మాత్రం, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు కనిపించేది. ముంజేతులు, పాదాలు, మెడ చుట్టూ దండ వేసినట్టు మచ్చ. తర్వాత విరేచనాలు. ముదిరితే మతి చలించడం. పెల్లాగ్రా అంటారు దాన్ని.

పెల్లాగ్రాను ప్రపంచం మక్కల జబ్బుగానే ఎరుగును. ఇటలీలో, స్పెయిన్‌లో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మక్కలే తిని బతికిన పేదలకు వచ్చేది. ఇది అంటువ్యాధి కాదు, తిండిలో లోపమని అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915 నాటికే చూపించాడు. ఆ లోపం నియాసిన్ అనే బి3 విటమిన్‌దని 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వేజెమ్ తేల్చాడు. మక్కల్లో నియాసిన్ ఉంటుంది గానీ పేగులకు అందని రీతిలో బిగుసుకుపోయి ఉంటుంది. మెక్సికో వాళ్లు మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి తింటారు కాబట్టి అది విడివడి వాళ్లకు అందుతుంది. దానికితోడు మక్కల్లో ట్రిప్టోఫాన్ తక్కువ. ట్రిప్టోఫాన్ అనేది పప్పు, పాలు, గుడ్లు, మాంసం లాంటి వాటి ప్రొటీన్లలో దొరికే ఒక అమైనో ఆమ్లం. మన ఒళ్లు దాంతో నియాసిన్‌ను సొంతంగా చేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చుపెడితే ఒక మిల్లీగ్రాము నియాసిన్‌కు సమానమైన సరుకు వస్తుంది. లాభసాటి బేరం కాదు, కానీ ప్రాణం నిలబెడుతుంది.

జొన్న దగ్గర ఈ లెక్క కుదరలేదు. జొన్నలో నియాసిన్ మక్కల్లోలా బిగుసుకుపోయి లేదు, ట్రిప్టోఫాన్ కూడా అంత తక్కువ కాదు. మరి హైదరాబాద్ చుట్టుపక్కల జొన్న తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకున్నది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. వచ్చిన కొద్ది కాలానికే, నగరంలోని దవాఖాన వార్డుల్లోనే దానికి సొంత ప్రశ్న దొరికిందన్నమాట. ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక ప్రతిపాదన చేశారు. జొన్నలో, మక్కల్లో ఉమ్మడిగా ఉన్నది లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం. అది మితిమీరి ఉండటమే ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే పనికి అడ్డుపడుతోందన్నారు.

అడ్డుపడటమంటే ఎక్కడ? ట్రిప్టోఫాన్ ఒక్క అంగలో నియాసిన్ కాదు. ఒక ఎంజైమ్ చేతి నుంచి మరో ఎంజైమ్ చేతికి మారుతూ ఏడెనిమిది మెట్లు దిగుతుంది. మధ్యలో కైనురెనినేజ్ అనే ఎంజైమ్ ఉంది. దానికి బి6 విటమిన్ తోడు లేనిదే చేయి కదలదు. ఇంకొంచెం ముందుకుపోతే దారి రెండుగా చీలుతుంది. ఏసీఎమ్ఎస్‌డీ అనే ఎంజైమ్ (పాత పుస్తకాల్లో పికోలినేట్ కార్బాక్సిలేజ్) సరుకును పక్కదారి పట్టిస్తుంది. దాని చేతికి చిక్కకుండా మిగిలింది దానంతటదే క్వినోలినిక్ ఆమ్లంగా మారి, క్యూపీఆర్‌టీ అనే ఎంజైమ్ దగ్గరకు చేరుతుంది. ఆ క్యూపీఆర్‌టీయే దాన్ని విటమిన్ దారిలోకి మళ్లిస్తుంది. ఈ చీలిక ఎంత కీలకమో పిల్లిని చూస్తే తెలుస్తుంది. పిల్లి కాలేయంలో పక్కదారి పట్టించే ఏసీఎమ్ఎస్‌డీ జోరు ఎంత ఎక్కువంటే, ఎంత ట్రిప్టోఫాన్ తిన్నా దానికి నియాసిన్ మిగలదు. మాంసంలో సిద్ధంగా ఉన్న నియాసిన్ తినే పిల్లి బతుకుతుంది.

1973లో జాతీయ పోషకాహార సంస్థకే చెందిన గఫూరున్నీసా, బి.ఎస్. నరసింగరావు ఎలుకలకు లూసిన్ పెట్టి, వాటి కాలేయంలో, మూత్రపిండాల్లో ఈ దారిలోని ఎంజైమ్‌లను కొలిచి బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఆ కాలంలో కొలవడమంటే పని కొలవడమే. కాలేయాన్ని నూరి, వడగట్టి, ఎంజైమ్ తినే ముడిసరుకును అందులో వేసి, ఇంత సేపట్లో ఎంత కొత్త సరుకు తయారైందో చూస్తారు. నమ్మదగ్గ పద్ధతి. ఇవాళ్టికీ దానికి తిరుగులేదు. అయితే దానికి తెలియని సంగతి ఒకటుంది. పని తగ్గిందని తేలితే, ఎంజైమ్‌లే తక్కువైపోయాయా, ఉన్న ఎంజైమ్‌లకే ఏదో అడ్డం పడిందా అన్నది ఆ కొలత చెప్పలేదు. మన ఊళ్లో బావుల మీద ఎన్ని మోటార్లు ఉన్నాయో లెక్కపెట్టడం వేరు, కాలువలో ఎన్ని నీళ్లు పడుతున్నాయో చూడటం వేరు. నీళ్లు తగ్గితే మోటార్లు తగ్గాయా, కరెంటు పోయిందా, బోరే ఎండిందా? మోటార్లను లెక్కపెట్టే మనిషి కూడా ఉంటే తప్ప తేలదు. ఎంజైమ్‌ల లోకంలో ఆ లెక్కపెట్టే మనిషే యాంటీబాడీ.

ఈ రెండు కొలతలనూ జతచేస్తే ఏమవుతుందో చెప్పే గొప్ప ఉదాహరణ మరో విటమిన్ దగ్గర ఉంది. దానికి కూడా తెలుగు మూలమే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిస్తుండగా, 1945లో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోళీలో కలిసి ఉండే విటమిన్ అదే. దాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలనూ ఆ బృందమే చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సర్‌ను కొన్నాళ్లపాటైనా వెనక్కి తగ్గించగలిగాడు. ఆ ఫలితం 1948లో అచ్చయింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే గోళీ ఎవరింట్లోనైనా ఉంటే, పేరు చదివి చూడండి.

ఈ మందులు పట్టుకునేది డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్‌ను. ఫోలిక్ ఆమ్లాన్ని కణానికి పనికొచ్చే రూపంలోకి మార్చేది అదే. దాన్ని ఆపితే కణం కొత్త డీఎన్‌ఏ చేసుకోలేక చస్తుంది. కానీ కొన్నాళ్లకు కాన్సర్ కణాలు మందుకు లొంగడం మానేసేవి. ఎందుకు? మందు లోపలికి పోవడం లేదా? ఎంజైమ్ తన ఆకారం మార్చుకుని మందుకు దొరకడం లేదా? లేక ఎంజైమ్‌లే కుప్పలుతెప్పలుగా పెరిగిపోయాయా? పని కొలిస్తే పని పెరిగిందని మాత్రమే తెలిసింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షిమ్కే బృందం డీహెచ్ఎఫ్ఆర్‌ను మాత్రమే పట్టే యాంటీబాడీని వాడింది. చిట్టెలుక కాన్సర్ కణాలను మెథోట్రెక్సేట్ మోతాదు పెంచుతూ పెంచుతూ పెంచి, వాటికి రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు తినిపించి, యాంటీబాడీతో ఆ ఎంజైమ్‌ను మాత్రం కిందికి దింపి, కొత్తగా ఎంత తయారవుతోందో లెక్కవేసింది. లొంగని కణాలు ఆ ఎంజైమ్‌ను సుమారు 200 రెట్లు ఎక్కువగా తయారుచేస్తున్నాయని తేలింది. ఆ దారం పట్టుకుని పోయి 1978లో అసలు గుట్టు బయటపెట్టారు. ఆ ఎంజైమ్ జన్యువునే కణం వందల ప్రతులుగా పెంచేసుకుంది. కణం తన జన్యువులను ఇలా గుట్టలు పోసుకోగలదని అప్పటిదాకా చాలామంది ఊహించనేలేదు. పని ఒక్కటే కొలుస్తూ కూర్చుంటే ఈ సంగతి ఇంకెన్నాళ్లకు తెలిసేదో.

యాంటీబాడీ ఇచ్చే రెండో మేలు చోటు చూపించడం. కాలేయాన్ని నూరాక ఏ కణంలో ఏముందో కలిసిపోతుంది. కణజాలాన్ని పలచగా కోసి, యాంటీబాడీకి రంగు తగిలించి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఎంజైమ్ ఉన్న కణం ఉన్నచోటే మెరుస్తుంది. మన క్యూపీఆర్‌టీ విషయంలోనే ఇలాంటి పని జరిగింది. క్వినోలినిక్ ఆమ్లం మెదడులో ఎక్కువైతే నాడీకణాలను చంపుతుందని 1980లలో అమెరికాలో రాబర్ట్ ష్వార్జ్ బృందం చూపించింది. అలాంటప్పుడు దాన్ని తీసేసే క్యూపీఆర్‌టీ మెదడులో ఎక్కడుంటుంది? 1987లో యాంటీబాడీతో ఎలుక మెదడును వెతికితే, అది ప్రధానంగా నాడీకణాల్లో కాకుండా వాటికి ఆసరాగా ఉండే గ్లియా కణాల్లో కనబడింది. విటమిన్ తయారీకి కాలేయంలో పనికొచ్చే ఎంజైమే మెదడులో విషాన్ని ఊడ్చే పనీ చేస్తోందన్న ఆలోచనకు ఆ చోటు తెలియడమే ఆధారమైంది.

ఇక యాంటీబాడీకి చేతగాని పని. ఇందాక కైనురెనినేజ్‌కు బి6 తోడు కావాలన్నాను. క్షయకు వాడే ఐసోనియాజిడ్ అనే మందు బి6ను హరిస్తుంది. అందుకే ఆ మందుతో పాటు బి6 గోళీ కూడా ఇస్తారు, ఇవ్వకపోతే కొందరికి పెల్లాగ్రా లాంటి లక్షణాలు రావచ్చు. జొన్న పెల్లాగ్రాలో బి6 పాత్ర గురించి పోషకాహార సంస్థలోనే కమలా కృష్ణస్వామి పరిశోధించారు. ఇప్పుడు ఇలా ఆలోచించండి. బి6 లేని కణంలో కైనురెనినేజ్ ఉండవచ్చు, కానీ తోడులేక ఊరికే కూర్చుని ఉంటుంది. యాంటీబాడీకి అది తెలియదు. దాని పైరూపం చూసి 'ఉన్నది' అని గట్టిగా చెబుతుంది. ఆ మాట నిజమే, అబద్ధం కాదు. దాన్ని విని 'అయితే నియాసిన్ తయారీ బాగానే ఉంది' అనుకుంటే తప్పు మనది. అందుకే నా లెక్కలో, యాంటీబాడీ ఫలితం ఒక్కటే చూపించి 'ఎంజైమ్ పని పెరిగింది', 'తగ్గింది' అని రాసిన వ్యాసం సగం రాసిన వ్యాసం.

పరిశోధనశాలలో ఈ 'ఉన్నది' అన్న మాట ఎలా వినబడుతుందో కొంచెం చెప్పాలి. ఎక్కువగా వాడేది వెస్టర్న్ బ్లాట్, 1979లో వచ్చిన పద్ధతి. కణజాలాన్ని సబ్బు లాంటి రసాయనంలో ఉడికిస్తారు. ప్రొటీన్లు చుట్టలు విప్పుకుని తాళ్లలా సాగుతాయి. వాటిని జిగురు పలకలో పోసి కరెంటు పెడితే, చిన్నవి వేగంగా, పెద్దవి నెమ్మదిగా కిందికి జారి సైజు వారీగా విడిపోతాయి. వాటిని ఒక పలచని పొర మీదికి దించి, దానిపై యాంటీబాడీ పోస్తారు. అది తన ప్రొటీన్ ఉన్నచోట అతుక్కుంటుంది. తర్వాత మొదటి యాంటీబాడీని పట్టే రెండో యాంటీబాడీ పోస్తే, అది వెలుగునిచ్చి ఒక గీతలా కనిపిస్తుంది. గీత ముదురుగా ఉంటే ప్రొటీన్ ఎక్కువ, పలుచగా ఉంటే తక్కువ. క్యూపీఆర్‌టీ లాంటి చిన్న ఎంజైమ్ అయితే గీత ముప్పై కిలోడాల్టన్లకు (ప్రొటీన్ల సైజు కొలత) కాస్త పైన రావాలి. అక్కడ కాకుండా అరవై దగ్గర వస్తే? రెండు మూడు గీతలు వస్తే? అక్కడే మొదలవుతుంది అసలు చిక్కు.

యాంటీబాడీ ప్రొటీన్ మొత్తాన్ని చూడదు. దాని పైన ఎక్కడో పది పన్నెండు అమైనో ఆమ్లాలంత మేర ఉన్న ఆకారాన్ని పట్టుకుంటుంది. అలాంటి ఆకారం మరో ప్రొటీన్ మీద కూడా ఉంటే దాన్నీ పట్టుకుంటుంది. కుందేలు నెత్తురు నుంచి తీసింది ఒక్క యాంటీబాడీ కాదు, వందల రకాల మిశ్రమం. ఆ కుందేలు చనిపోతే మరో కుందేలు ఇచ్చే మిశ్రమం అచ్చంగా అదే కాదు. ఈ ఇబ్బందిని దాటడానికే 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే కణాలను సృష్టించారు. పేటెంటు తీసుకోలేదు. 1984లో నోబెల్ వచ్చింది. అది గొప్ప అడుగే గానీ, ఎప్పుడూ ఒకేలా ఉండే యాంటీబాడీ ఎప్పుడూ ఒకేలా తప్పు ప్రొటీన్‌ను పట్టుకోవచ్చు కూడా. ఉడికించి విప్పిన ప్రొటీన్‌ను బాగా గుర్తుపట్టే యాంటీబాడీ, కణంలో చుట్టుకుని ఉన్న అదే ప్రొటీన్‌ను గుర్తుపట్టకపోవచ్చు. బ్లాట్‌లో మంచి పేరు తెచ్చుకున్నది సూక్ష్మదర్శిని కింద తెల్లమొహం వేస్తుంది.

విటమిన్ల పరిశోధనలోనే దీనికి గట్టి సాక్ష్యం ఉంది. విటమిన్ డి పని చేయాలంటే కణంలో దాన్ని అందుకునే ఒక ప్రొటీన్ ఉండాలి. వీడీఆర్ అంటారు దాన్ని. ఎంజైమ్ కాదు, గ్రాహకం. కండరాల్లో అది ఉందని, కాబట్టి విటమిన్ డి కండరాలకు నేరుగా బలమిస్తుందని యాంటీబాడీ ఆధారంగా ఎన్నో వ్యాసాలు వచ్చాయి. 2010లో హెక్టర్ డెలూకా బృందం ఒక సూటి పరీక్ష పెట్టింది. ఎల్వేజెమ్ నియాసిన్ రహస్యం విప్పిన విస్కాన్సిన్‌లోనే ఇదీ జరిగింది. వీడీఆర్ జన్యువే తీసేసిన చిట్టెలుకల కణజాలాన్ని తెచ్చి, మార్కెట్లో దొరికే యాంటీబాడీలను వాటి మీద పోసింది. ఆ ప్రొటీన్ లేనే లేని చోట గీత రాకూడదు. కొన్ని యాంటీబాడీలు అక్కడా గీత చూపించాయి. లేనిదాన్ని ఉన్నదన్నాయన్నమాట. పరీక్షకు నిలిచిన యాంటీబాడీతో వెతికితే 2011లో వాళ్లకు కండరంలో వీడీఆర్ కనబడలేదు. తర్వాత వేరే బృందాలు చాలా తక్కువ మోతాదులో ఉందని చూపించాయి. వాదం ఇంకా నడుస్తోంది. అయితే ఇప్పుడు అది సరైన చోట నడుస్తోంది.

జన్యువు తీసేసిన కణంలో గీత మాయం కావాలి అన్న ఈ ఒక్క పరీక్షే యాంటీబాడీకి అసలు గీటురాయి. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ వచ్చాక అలాంటి కణాలు చేయడం తేలికైంది. కెనడాలో మాంట్రియల్ కేంద్రంగా పనిచేసే ఒక బృందం కంపెనీలనే భాగస్వాములుగా కలుపుకుని, 65 ప్రొటీన్లకు అమ్ముడవుతున్న 614 యాంటీబాడీలను ఈ పద్ధతిలో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించింది. మంచివి చాలా ఉన్నాయి. మూడింట రెండు వంతుల ప్రొటీన్లకు కనీసం ఒక్క గట్టి యాంటీబాడీ దొరికింది. కానీ తన లక్ష్యాన్ని గుర్తించనే లేని యాంటీబాడీలతో వచ్చిన ఫలితాలు, సగటున ఒక్కో ప్రొటీన్‌కు 12 వ్యాసాల చొప్పున అప్పటికే అచ్చయి ఉన్నాయి. పరీక్షలో ఓడినవాటిలో కొన్నింటిని కంపెనీలు అమ్మకం ఆపేశాయి, మరికొన్నింటి వాడకం సూచనలు మార్చుకున్నాయి. దీన్ని నేను కంపెనీల బండారం బయటపడ్డ కథగా చదవను. తమ సరుకును పరీక్షకు ఇచ్చి, ఓడితే ఒప్పుకున్న వ్యాపారం ఎక్కడైనా అరుదే.

అప్పటికి ఎనిమిదేళ్ల ముందే, 2015లో, నేచర్ పత్రికలో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లూక్తున్, వంద మందికి పైగా శాస్త్రవేత్తలతో కలిసి ఒక అంచనా వేశారు. నాసిరకం యాంటీబాడీల వల్ల ప్రపంచంలో ఏటా 80 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని. మన దేశంలో ఆ నష్టం మరీ నొప్పి. ఈ యాంటీబాడీలు ఎక్కువగా విదేశాల నుంచి, మంచుపెట్టెల్లో వస్తాయి. వేలెడంత సీసాలో వంద మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలకు, సాధారణంగా పాతిక ముప్పై వేల రూపాయలు. ఒక పీహెచ్‌డీ విద్యార్థికి ఏడాదికి దొరికే ఖర్చుల డబ్బులో పెద్ద వాటా ఒక్క సీసాకు పోయి, అది పనికిరాదని తేలడానికే ఆరు నెలలు పడితే, ఆ పిల్లకు మిగిలేది ఏమిటి? అందుకే, జన్యువు తీసేసిన కణాలతో పరీక్షించిన ఆధారం ఉన్న యాంటీబాడీ కొంచెం ఖరీదైనా అదే కొనమని పెద్దలు చెబుతారు. సీసా మీద చిన్న అక్షరాల్లో 'పరిశోధనకు మాత్రమే' అని కూడా ఉంటుంది. అది అలంకారం కాదు. రోగి జబ్బు తేల్చడానికి దాన్ని వాడకూడదు. నిజామాబాద్ ల్యాబ్‌లో మీరు చేయించుకునే విటమిన్ డి పరీక్షలోనూ చాలాసార్లు యాంటీబాడీయే ఉంటుంది గానీ, అది విటమిన్‌నే పట్టేది, ఎంజైమ్‌ను కాదు. రోగనిర్ధారణకు వాడే యాంటీబాడీలకు వేరే అనుమతులు, వేరే తనిఖీలు ఉంటాయి.

పసుపు ప్రాంతం వాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. 'కర్క్యుమిన్ ఫలానా ఎంజైమ్‌ను తగ్గించింది' అనే వార్త నెలకొకటి వస్తుంది, అది వచ్చిన ప్రతిసారీ మార్కెట్ యార్డులో కొమ్ముకు ఏమైనా ధర పెరుగుతుందా అన్న ఆశా ఉంటుంది. ఆ వార్తల వెనుక చాలావరకు ఉండేది ఈ వెస్టర్న్ బ్లాట్ గీతే, లేదా రంగు తగిలించిన యాంటీబాడీ బొమ్మే. కర్క్యుమిన్‌తో ఒక పేచీ ఉంది. దాని మీద నీలి వెలుగు పడితే అదే పచ్చగా మెరుస్తుంది. ఏది యాంటీబాడీ వెలుగో, ఏది పసుపు వెలుగో జాగ్రత్తగా విడదీయకపోతే కన్ను మోసపోతుంది. అది నానా ప్రొటీన్లకు అంటుకునే స్వభావం కూడా ఉన్నది కాబట్టి, ఎన్నో పరీక్షల్లో అబద్ధపు ఫలితాలు ఇవ్వగలదని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష హెచ్చరించింది. ఇంకా ఇబ్బందికరమైన సంగతి, అమెరికాలో ఒక పెద్ద కాన్సర్ కేంద్రం నుంచి కర్క్యుమిన్ తదితరాలపై వచ్చిన వ్యాసాలు చాలావాటిని పత్రికలు వెనక్కి తీసుకోవాల్సివచ్చింది, అందులో బ్లాట్ బొమ్మల మీదే అనుమానాలు. పసుపు మంచిది కాదని ఇవేవీ చెప్పడం లేదు. కూరలో దాని విలువ గీతల మీద ఆధారపడింది కాదు. కానీ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది కాబట్టి, రేపు దాని పేరుతో ఆరోగ్య ప్రచారాలు పెరుగుతాయి. 'జన్యువు తీసేసిన కణంలో యాంటీబాడీని పరీక్షించారా, ఎంజైమ్ పని కూడా కొలిచారా' అని అడిగే రైతు సంఘం ఉంటే మంచిదే.

మళ్లీ జొన్న దగ్గరికి. లూసిన్ వాదన చివరికి ఏమైంది? జొన్న, లూసిన్ పెట్టిన కుక్కలకు పెల్లాగ్రా లాంటి నల్లనాలుక జబ్బు వచ్చిందని హైదరాబాద్ వాళ్లు చూపించారు. కెన్నెత్ కార్పెంటర్ బృందం 1978లో కుక్కలకే ఎక్కువ లూసిన్ పెట్టి చూసి, నియాసిన్‌కు ఏ లోటూ రాలేదంది. తర్వాత కొందరు అటు, కొందరు ఇటు. తేలకముందే జబ్బే పలచబడిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక జొన్న గటక స్థానంలో వరి అన్నం వచ్చింది. కూరగాయలు, పప్పు, గుడ్లు కూడా అంతకుముందుకన్నా ఎక్కువ ఇళ్లకు చేరాయి. ఇవాళ చిరుధాన్యాలు ఆరోగ్యమని మళ్లీ జొన్నరొట్టె తింటున్నవాళ్లు భయపడాల్సిన పని లేదు. పప్పుతోనో, పెరుగుతోనో, పల్లీ చట్నీతోనో తినే రొట్టె వల్ల పెల్లాగ్రా రాదు. అది జొన్న ఒక్కటే తినాల్సివచ్చిన పేదరికానికి వచ్చిన జబ్బు.

ఇప్పుడు చేతిలో మంచి యాంటీబాడీలు ఉన్నాయి, పని కొలిచే పాత పద్ధతీ ఉంది. రెండూ కలిపి ఎలుకల కాలేయం మీద గోపాలన్ ప్రశ్నను మళ్లీ అడగవచ్చు. లూసిన్ ఎక్కువైతే చీలిక దగ్గర ఏసీఎమ్ఎస్‌డీ సంఖ్య పెరుగుతోందా, క్యూపీఆర్‌టీ తరుగుతోందా, లేక సంఖ్య అలాగే ఉండి పని మాత్రమే మారుతోందా? మనుషుల్లో అది అంత తేలిక కాదు. ఈ ఎంజైమ్‌లు ఎక్కువగా ఉండేది కాలేయంలో, పెల్లాగ్రా రోగి కాలేయం నుంచి ముక్క తీసే అవసరం ఏ డాక్టరుకూ రాదు. తాగుడుకు బానిసై సరిగా తినని మనిషి మెడ చుట్టూ మచ్చతో, చేతుల మీద పొలుసులతో దవాఖానకు వస్తే, అనుమానం ఉన్నచోట మూత్రంలో నియాసిన్ వ్యర్థాలను కొలుస్తారు. లేదంటే అదీ లేకుండానే నికోటినమైడ్ గోళీలు మొదలుపెడతారు. నాలుగైదు రోజుల్లో నోరు, మతి కుదుటపడతాయి, చర్మానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.